బీరుకు తోడేయడం

సారా కాస్తారు. కల్లు గీస్తారు, మా చిత్తూరు పల్లెల్లో దించుతారని కూడా అంటారు. దోసెపిండి పులియబెడతారు. ఊరగాయ ఊరవేస్తారు. పాలకు తోడేస్తారు. ఇన్ని క్రియలున్న తెలుగులో బీరుకు సొంత క్రియ లేదు. ‘బీరు తయారుచేయడం’ అంటాం, లేకుంటే ‘బీరు కాచడం’ అనేస్తాం. మొదటిది ఏ ఫ్యాక్టరీ సరుకుకైనా సరిపోయే మాట. రెండోది పొరపాటు. సారా కాచడమంటే ఆవిరి పట్టి చల్లార్చి బొట్టుబొట్టుగా దించడం. బీరులో ఆ పని లేనే లేదు. ఈ లోటు తీర్చే మాట మన వంటింట్లోనే ఉంది. ఆ మాట తోడు.

నన్ను ఈ మాట దగ్గరికి తీసుకొచ్చింది ఒక ఫోన్ సంభాషణ. మా బంధువుల అబ్బాయి ఒకతను తిరుపతిలో చదువుకుని టెక్సస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో బీరు చేయడం అతని సరదా. అక్కడ దానికి నిషేధం లేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. స్నేహితులకు పోయవచ్చు, రుచి పోటీలకు తీసుకెళ్లవచ్చు. అతను వాళ్ల అవ్వకు తన పని వివరిస్తున్నాడు: “బార్లీని నానేసి, మొలకలొచ్చినాక ఎండబెట్టిన గింజలు కొంటానవ్వా. రవ్వగా ఆడించి గంటసేపు వేడినీళ్లలో ఉంచుతాను. గింజల్లోని తీపంతా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు వంచుకుని కాచి, చల్లారినాక ఈస్ట్ వేస్తాను.” అవ్వ ఏమాత్రం తడుముకోకుండా, “చల్లారినాక తోడేస్తావన్నమాట. మరీ చల్లారనీకు నాయనా” అంది.

బీరు రుచి ఎరగని మనిషి ఆ పని మొత్తంలో కీలకమైన ఘట్టాన్ని ఒక్క మాటతో పట్టుకుంది. గింజల్ని 65 డిగ్రీల దగ్గర ఉంచినప్పుడు వాటిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. హాప్స్ పూలు వేసి మరిగించినప్పుడు చేదు దిగుతుంది. అంతవరకూ అది వంట. ఆ తియ్యటి నీళ్లు 20 డిగ్రీల దాకా చల్లారాక, ఇరవై లీటర్లకు పదకొండు గ్రాముల ఈస్ట్ పొడి పడితే తప్ప అది బీరు కాదు. వేడి మీద వేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. చల్లదనం ఎక్కువైతే కదలదు. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. చలికాలం మదనపల్లెలో గిన్నె చుట్టూ తువాలు చుట్టి పొయ్యి పక్కన పెట్టేదీ, ఎండాకాలం తిరుపతిలో సాయంత్రానికే పెరుగు పుల్లబడిపోతుందని తోడు తగ్గించి వేసేదీ ఈ తెలివితోనే.

మాట సంగతికి వద్దాం. తోడంటే జత, సాయం, వెంట ఉండే మనిషి. అలిపిరి మెట్లెక్కే ముసలివాళ్లకు తోడు కావాలి. తోడబుట్టినవాళ్లు, తోడికోడలు, తోడల్లుడు, తోడిపెళ్లికూతురు, తోడునీడ, తోడ్పాటు, చివరికి తోడుదొంగ వరకూ ఈ మాట పక్కన ఎప్పుడూ ఇంకో మనిషి ఉంటాడు. ‘అమ్మతోడు’ అని ఒట్టు పెట్టుకునేటప్పుడు అమ్మను సాక్షిగా పక్కన నిలబెట్టుకుంటాం. వ్యాకరణంలోకి వెళితే చేతన్, చేన్, తోడన్, తోన్ అని బడిలో వల్లించిన తృతీయా విభక్తిలోనూ ఇదే ఉంది. ‘నాతో రా’ అన్నప్పుడు ఆ చివరి ‘తో’ అరిగిపోయిన తోడే. ఒక మాట అరిగి విభక్తి ప్రత్యయం అయ్యిందంటే ఆ భాష మాట్లాడేవాళ్లు దాన్ని ఎన్ని తరాలు, ఎన్ని సందర్భాల్లో నోట నానించి ఉండాలి!

తమిళంలో దీనికి చుట్టం తోళన్, తోళి. మనం ‘ళ’ అని రాస్తున్నా అక్కడ పలికేది ఴ. ఏఴు తెలుగులో ఏడయింది, కోఴి కోడి అయింది. తోఴన్‌లోని ఴ కూడా ఆ దారినే మనకు డకారమయింది. ఈ ఴ ఒకప్పుడు తెలుగులోనూ ఉండేది. రేనాటి చోళుల కాలపు తొలి తెలుగు శాసనాల్లో, అంటే మన రాయలసీమ రాళ్ల మీదే, దానికి విడిగా అక్షరం కనిపిస్తుంది. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనుషుల నోట ఈ రెండు మాటలూ ఇప్పటికీ ఒక్క రోజులోనే వినబడతాయి.

రెండు పోలికల్ని ఇక్కడే పక్కన పెట్టాలి. బావిలో నీళ్లు తోడేటప్పటి ‘తోడు’ వేరు. అది తవ్వడం, పైకి తీయడం అనే అర్థమున్న వేరే ధాతువు. ఇంగ్లీషువాళ్లు కల్లును ‘టాడీ’ అంటారు కాబట్టి దానికీ మన తోడుకూ బంధుత్వం కట్టాలని చూసేవాళ్లుంటారు. టాడీ హిందీ తాడీ నుంచి వెళ్లింది, తాడీ తాళవృక్షం నుంచి వచ్చింది. మన కల్లుకు తోబుట్టువులు తమిళ కళ్, కన్నడ కళ్ళు. తోడుతో వాటికి సంబంధం లేదు.

మూడు భాషల కూడలిలో ఉన్న జిల్లావాళ్లం కాబట్టి పొరుగింటి మాటల్ని పక్కన పెట్టి చూసుకోవడం మాకు సులువు. పాలలో వేసే ఆ చెంచాడు పుల్లమజ్జిగను తమిళులు ఉఱై అంటారు. కుప్పం, పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే హెప్పు. హిందీలో జామన్. సంస్కృతంలో యజ్ఞానికి పాలు పేరబెట్టే పదార్థం పేరు ఆతంచనం. ఈ నాలుగూ గడ్డకట్టడాన్ని చెప్పే మాటలే. పాలకు ఏమవుతుందో చూసి పెట్టిన పేర్లవి. పేరడం, పేరుకోవడం అని ఆ చూపున్న మాటలు తెలుగుకూ ఉన్నాయి. అయినా ఆ చెంచాడు మజ్జిగకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు తెలుగువాళ్లు గిన్నెలో ఏమవుతుందన్నది వదిలేసి, పాల పక్కకు ఎవరు వచ్చారన్నది చూశారు. పాలు ఒంటరిగా ఉంటే విరుగుతాయి. తోడు దొరికితే తోడుకుంటాయి. ‘రాత్రి తోడేసినాను, ఇంకా తోడుకోలేదు’ అనే వాక్యం మా వైపు ఏ ఇంట్లోనైనా వినబడుతుంది. దాంట్లో ఎంత ఆలోచన దాగుందో అనేవాళ్లకూ, వినేవాళ్లకూ తట్టదు.

పులియడం ఇంకో రకం మాట. అది నాలుకకు సంబంధించింది. పులుపు, పులుసు, పులియు అన్నీ ఒక వేరువి. ఊరడం నీటికి సంబంధించింది. తేరితే తేట అయినట్టే ఊరితే ఊట. నాటుసారా బట్టీల మీద దాడి జరిగినప్పుడల్లా చిత్తూరు పత్రికల్లో ‘బెల్లం ఊట ధ్వంసం’ అని వార్త వస్తుంది. ఆ ఊట బెల్లం నీళ్లు పులిసి ఈస్ట్ పనిచేస్తున్న దశ. కాచకముందు అది కూడా ఒక రకమైన పులిసిన పానీయమే. ఆ మాటకు పట్టిన మరక పోయేది కాదు కాబట్టి దాన్ని బీరు కోసం అరువు తెచ్చుకోలేం.

బడి పుస్తకాల మాట కిణ్వనం. పదో తరగతి పిల్లలు అర్థం తెలియకుండానే బట్టీపట్టే ఈ మాట అచ్చంగా సుర చేసేవాళ్ల కుండలోంచి వచ్చింది. కిణ్వం అంటే సురకు వేసే తోడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణంలో కిణ్వం చేసే విధానం ఉంది: మినుముల ముద్ద, పచ్చిదైనా ఉడికిందైనా సరే, దాంట్లో బియ్యం, కొన్ని మూలికలు. మూలికలు తీసేస్తే మిగిలేది మన ఇడ్లీపిండి జోడీ! ఇడ్లీపిండిని పొంగించే సూక్ష్మజీవులు బయటినుంచి రానక్కర్లేదు, మినప్పప్పును అంటిపెట్టుకునే వస్తాయని ఇప్పటి శాస్త్రం చెబుతోంది. ఆ పప్పులో ఏదో ఉందని ఆనాటి సురాకారులు చేతి అనుభవంతో కనిపెట్టారు.

అదే ప్రకరణంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి. మద్యం మీద రాజు పట్టు ఎంత గట్టిగా ఉన్నా, శుభకార్యాలప్పుడు గృహస్థులు ఇంట్లో తెల్లసుర చేసుకోవచ్చనీ, మందుకోసం అరిష్టమనే పులిసిన ఔషధం చేసుకోవచ్చనీ అందులో ఉంది. ఉత్సవాలకూ, జనం గుమిగూడే వేడుకలకూ, యాత్రలకూ నాలుగు రోజుల అనుమతి ఉంది. ఈ గ్రంథం తాళపత్ర ప్రతి మన పొరుగునే మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి చిక్కి 1909లో అచ్చయింది. ఇంట్లో చేసుకోవడానికీ, అమ్మకానికీ మధ్య గీత గీయడం అమెరికా చట్టంతో మొదలైంది కాదన్నమాట.

ఇప్పుడు బీరు పుట్టిన దేశాల మాటలు చూద్దాం. ఇంగ్లీషులో ‘ఈస్ట్’ అనే మాటకు మూలం మరగడం, నురగకట్టడం. ‘ఫెర్మెంట్’కు మూలమైన లాటిన్ మాటకూ మరగడమే అర్థం. ఫ్రెంచివాళ్ల ‘లెవ్యూర్’ పైకి లేవడం. ఈస్ట్ ప్రాణమున్న జీవి అని ఎవరికీ తెలియని రోజులవి. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండరాదని శాసించినప్పుడు ఈస్ట్ పేరే ఎత్తలేదు. అయినా చేసేవాళ్లకు తెలుసు, ఏదో ఒకటి రావాలి, లేకపోతే బీరు లేదని. 1468 నాటి ఇంగ్లండులో నారిచ్ పట్టణపు బీరు తయారీదార్ల కట్టుబాటులో ఆ నురగకు ‘గాడిస్‌గుడ్’ అనే పేరు కనిపిస్తుంది. అంటే దేవుడి మేలు. అది దైవకృప వల్ల వచ్చేది కాబట్టి అడిగినవాళ్లకు కాదనకుండా ఇవ్వాలని, ప్రతిఫలం తీసుకుంటే రొట్టెనో, గుడ్లో, మహా అయితే ఒక ఫార్దింగ్ అనే చిల్లర నాణెం విలువకు మించరాదని ఆ కట్టుబాటు చెబుతుంది. దీపాలు పెట్టే వేళ అయితే తప్ప పక్కింటామె గిన్నెతో వస్తే ‘లేదు’ అనని మన ఇళ్ల ఆచారం గుర్తుకు రాక మానదు.

నార్వే పల్లెల్లో మాట ‘క్వైక్’. దాని పాత అర్థం రగిలించడం, ప్రాణం పోయడం. రైతుల ఇళ్లలో తరాలుగా బీరు చేసుకుంటూ, ప్రతిసారీ అడుగున మిగిలిన ఈస్ట్‌ను చెక్క వలయాల మీదో, గుడ్డ మీదో ఆరబెట్టి దాచుకునేవాళ్లు. ఒక ఇంట్లో అది చెడిపోతే పొరుగింటికి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. అమెరికాకు మొదట వెళ్లిన మన ఆడవాళ్లు చేతిరుమాలును పెరుగులో తడిపి, ఆరబెట్టి, పెట్టెలో చీరల మధ్య దాచి తీసుకెళ్లారని పెద్దలు చెప్పుకుంటారు. ఎక్కడి నార్వే గుడ్డ, ఎక్కడి తిరుపతి చేతిరుమాలు! పద్ధతి ఒక్కటే. ఇంకో సంగతి, ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్ ఇరవై డిగ్రీల ఇంటిని కోరుతుంది. మంచుదేశపు క్వైక్ మాత్రం ముప్ఫై అయిదు, నలభై డిగ్రీల దగ్గర చక్కగా పనిచేస్తుంది. తిరుపతి మేనెల ఎండకు తగిన ఈస్ట్ నార్వేలో ఉంది.

1845లో డెన్మార్క్‌కు చెందిన జె.సి. యాకబ్సన్ మ్యూనిక్‌లోని ష్పాటెన్ బ్రూవరీ నుంచి ఈస్ట్ తీసుకుని గుర్రబ్బండిలో కోపెన్‌హాగన్ వెళ్లాడు. దారి పొడవునా ఆగిన చోటల్లా నీళ్లు పోసి దాన్ని చల్లబరుస్తూ తీసుకెళ్లాడట. ఆయన పెట్టిన కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలోనే 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్ పెంచే పద్ధతి కనిపెట్టాడు. బీరు చేసేవాళ్లు తరతరాలుగా పడిన కష్టం దాంతో తీరింది. దాన్ని గుట్టుగా దాచుకుంటే ఆ కంపెనీకి ఎంత లాభమో! అయినా పద్ధతినీ, ఈస్ట్‌నూ ఇతర బ్రూవరీలకు ఉచితంగా ఇచ్చారు. తోటివాడి తోడుతో మొదలైనవాళ్లు తోడివ్వక తప్పలేదని నేననుకుంటాను.

ఇంట్లో బీరు చేసే స్నేహితుల మధ్య నడిచేదీ ఇదే. ఒకసారి చేసిన బీరు అడుగున చేరే మడ్డిలో ఇంకా కొన్నిసార్లకు సరిపడే ఈస్ట్ ఉంటుంది. దాన్ని సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి పంచుకుంటారు. బీరు పంచితే తరుగుతుంది, తోడు తరగదు. ఇచ్చినవాడి ఇంట్లో అది పోయిన రోజున తీసుకున్నవాడి ఇంట్లో ఉంటుంది. పెరుగు విషయంలో మా వీధిలో అందరూ చూసిన సంగతే ఇది. ఊరెళ్లి వచ్చినవాళ్లు పక్కింటికి వెళ్లి, “అక్కా, రవంత తోడుంటే ఇయ్యి” అని తెచ్చుకునేది నెలకిందట తాము ఇచ్చిన తోడు పిల్లనే. ఎవరి పెరుగు ఎవరిదో ఆ వీధిలో చెప్పలేరు.

చిత్తూరు గడ్డకు బీరు కొత్తే గానీ, బీరు వెనకున్న పనులు కొత్తవి కావు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి విసిరి పిల్లలకు తాగించే రాగిమాల్ట్ తెలియని ఇల్లు మా వైపు లేదు. ఆ ‘మాల్ట్’ బీరు వృత్తిలోంచి వచ్చిన మాటే: మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. మొలక వచ్చినప్పుడు గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకునే ఎంజైముల్ని సిద్ధం చేసుకుంటుంది. చంటిపిల్లలకు అరగడానికీ, బీరువాడికి తీపి దిగడానికీ కారణం ఒక్కటే. ఇదే రాగితో నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా అనే పులిసిన పానీయం చేసుకుంటారు. ఆఫ్రికాలో, రాగి పుట్టిన నేల మీద, దాన్ని మొలకెత్తించి బీరు చేస్తారు. మేము అంబలి దగ్గర ఆగాం. రాగిపిండి రాత్రంతా పులిసి, పొద్దున ఉడికి, మజ్జిగ కలిసి, ఉల్లిపాయతో నంజుకునే అంబలి. ఎండలు ముదిరిన మేనెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో ఆ అంబలిని కుండల్లో పెట్టుకుని దారినపోయే వాళ్లందరికీ పోస్తారు. కులం, ఊరు అడగరు. ధాన్యాన్ని పులియబెట్టి నలుగురితో కలిసి తాగడం అనే ఆచారానికి మా ప్రాంతంలో అంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు.

మత్తు సంగతి దాటేసి వెళ్లలేను. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం నేరం. బీరుకూ మినహాయింపు లేదు. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషిద్ధం; అక్కడ మట్టికుండ పెంకులో స్వామికి నివేదించేది దద్దోజనం, అంటే తోడేసిన పాల ఫలం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మన జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధమూ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. ఆ రెండోది 1997లో సడలింది. కూలిడబ్బులు సారాకొట్టుకు పోతుంటే పిల్లల ఆకలి చూసిన తల్లుల కోపం అది. ఆ కోపాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. తాగమని ఎవరికీ చెప్పడం నా ఉద్దేశం కాదు. చట్టం ఒప్పుకునే చోట, తన చేత్తో ఓపిగ్గా చేసి, అమ్మకుండా, నలుగురు స్నేహితులతో కొద్దికొద్దిగా రుచి చూసే మనిషి చేసే పని, ఊరిని అప్పుల పాలు చేసిన సారాకొట్టు పని వేరువేరు. రెండింటినీ ‘కాచడం’ అనే ఒకే మాట కింద తోసేయడం అన్యాయం. భాష ఆ తేడా చూపించాలి.

అందుకే నా తీర్పు ఇది. బీరు విషయంలో ‘కాచడం’ వద్దు, ఇంగ్లీషు నుంచి తెచ్చిన ‘ఈస్ట్ పిచ్ చేయడం’ వద్దు, ‘కిణ్వం చేర్చడం’ పాఠ్యపుస్తకంలో ఉండనివ్వండి. తియ్యటి నీళ్లకు ఈస్ట్ కలపడం తోడేయడం. కలిపే ఈస్ట్ తోడు. అడుగున మిగిలి పంచుకునేది కూడా తోడే. తిరుపతిలోని డెయిరీ టెక్నాలజీ కళాశాల పిల్లలు ‘స్టార్టర్ కల్చర్’ అని రాసే చోట కూడా ఈ మాట నిక్షేపంగా నిలబడుతుంది. పెరుగుకో, కొంబుచా అనే పులిసిన టీకో, పుల్లరొట్టెకో, అనుమతి ఉన్న చోట బీరుకో తోడు దాచుకునే తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: ఈసారి ఎవరికైనా సీసాలో పోసి ఇచ్చేటప్పుడు దాని మీద అంటించే చీటీ మీద ‘తోడు’ అని తెలుగులో రాయండి. మీ ఇంట్లో, మీ మండలంలో దీనికి చేమిరి లాంటి ఇంకో మాట ఉంటే దాన్ని కూడా పక్కన రాసి పంపండి.